బడి చీటీ మీద సంతకం ఎందుకు పడటం లేదు

మళ్లీ మొదలైంది. విశాఖలో మధురవాడ వైపు ఒక ప్రైవేటు బడి నుంచి పదేళ్ల పిల్లలకి టీడీ అనే టీకా ఇంజెక్షన్ వేస్తాం, సంతకం పెట్టి పంపండి అని చీటీ వచ్చింది. ఆ రాత్రే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరిదో తెలియని గొంతు, "ఆడపిల్లలకి మాత్రం వేయించకండి" అని. తెల్లారి చాలా చీటీలు సంతకం లేకుండానే బ్యాగుల్లో ఉండిపోయాయి.

టీకాల భయం అనగానే అందరూ ఆటిజం దగ్గర మొదలుపెడతారు. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 12 మంది పిల్లల మీద, టీకాకీ ఆటిజానికీ ముడిపెడుతూ వచ్చిన వ్యాసం, 2010లో దాన్ని ఆ పత్రికే రద్దు చేయడం, ఇదంతా చాలాసార్లు చదివాం, వదిలేద్దాం. మన వైపు తల్లులతో కాసేపు కూర్చుంటే ఆటిజం మాట అరుదుగా వస్తుంది. ఎక్కువగా వినపడేది ఇంకో మాట: "మమ్మల్ని అడక్కుండా వేసేస్తారండీ."

ఈ మాట వెనక భద్రాచలం ఉంది. 2009 జులైలో, ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ, పక్కన కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం. అది ఒక అధ్యయనమని చాలామంది తల్లిదండ్రులకి తెలియదు, సర్కారు టీకానే అనుకున్నారు. పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండేవాళ్లు. సమ్మతి పత్రాల మీద అమ్మానాన్నల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు, అదీ ఒకటీ రెండూ కాదు, వేలల్లో. టీకా వేయించుకున్నవాళ్లలో కొందరు పిల్లలు చనిపోయారన్న వార్త బయటికొచ్చాక 2010 ఏప్రిల్లో కార్యక్రమం ఆగిపోయింది.

విచారణ సంఘం ఆ చావులకి టీకాతో సంబంధం లేదంది. పాముకాటు, పురుగుల మందు, మలేరియా, ఇలాంటి కారణాలు తేలాయి. దాన్ని కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. కానీ బిడ్డ పోయిన తల్లికి ఆ మాట చెప్పింది ఎప్పుడు? బిడ్డకి ఏం వేస్తున్నారో ముందు చెప్పనివాళ్లు, పోయాక కారణం చెప్తే నమ్ముతుందా? 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా పాత్‌నీ ఐసీఎంఆర్‌నీ కలిపి గట్టిగానే తప్పుబట్టింది. ఢిల్లీలో వచ్చిన ఆ నివేదిక ఊళ్లలో ఎవరూ చదవలేదు. ఊళ్లలో మిగిలింది హాస్టల్ పిల్లల కథ ఒక్కటే, అది నోటి మాటగా తిరుగుతూ ఏజెన్సీ దాటి పట్నాల దాకా వచ్చింది.

అందుకే 2017 ఆగస్టులో తట్టు-రుబెల్లా టీకా బడుల్లోకి వచ్చినప్పుడు, 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు అందరికీ అనగానే, "మళ్లీ బడిలోనా?" అన్నారు. పిల్లలు పుట్టకుండా చేస్తారట అన్న మెసేజ్‌కి అంత తొందరగా కాళ్లొచ్చింది అందుకే. ఢిల్లీలో ఇదే గొడవ కోర్టుకెక్కితే, 2019 జనవరిలో అక్కడి హైకోర్టు తల్లిదండ్రుల సమ్మతి లేకుండా బడుల్లో ఈ టీకా వేయొద్దంది.

రెండు నెలలు తిరక్కుండా మార్చిలో హైదరాబాద్ నాంపల్లి. పసిపిల్లలకి ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావాలెంట్ టీకా వేశాక జ్వరానికి పారాసెటమాల్ ఇవ్వాల్సిన చోట ట్రమడాల్ అనే ఘాటైన నొప్పి మాత్రలు ఇచ్చారు. పసివాళ్లు చనిపోయారు. తప్పు మాత్రది, టీకాది కాదు. కానీ "టీకా వికటించి" అనేది మన పత్రికల్లో ఎప్పుడూ అచ్చుకి సిద్ధంగా ఉండే మాట. మేమూ రాసినవాళ్లమే, తప్పించుకోను.

ఇక అధికారుల మాట. టీకా సురక్షితం, పుకార్లు నమ్మకండి అంటున్నారు. నిజమే.

అసలు టీడీ అంటే ఏమిటో చీటీలో రాసి ఉంటే సగం టెన్షన్ తగ్గేది. పాత టీటీలో ధనుర్వాతానికి మాత్రమే మందు ఉండేది. దాని బదులు వచ్చిన టీడీలో డిఫ్తీరియా మందు కూడా కలిసింది. డిఫ్తీరియా అంటే మన పెద్దవాళ్లు కంఠసర్పి అనేది. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరి అందదు, దాని విషం గుండెకెక్కుతుంది. విరుగుడు సీరం ఉంది, గుర్రాల రక్తం నుంచి తీస్తారు, కావలసినప్పుడు దొరకడమే కష్టం. దొరికినా ఆలస్యమైతే అప్పటికే గుండెకి పట్టిన విషాన్ని అది వదిలించలేదు. చిన్నప్పుడు వేయించిన టీకా బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది కాబట్టి 16-24 నెలలకీ, 5-6 ఏళ్లకీ, మళ్లీ 10కీ, 16కీ వేయమంటారు. పసివాళ్ల రోగం అనుకున్నది ఇప్పుడు బడి పిల్లలకి వస్తోందంటే చాలావరకు డోసులు తప్పినందుకే. అక్షరాస్యతకి పేరున్న కేరళలోనే 2016లో మలప్పురంలో దీనితో పిల్లలు పోయారు.

తట్టు కథ వేరు. వన్ టౌన్‌లోనూ జాలారిపేటలోనూ ఇప్పటికీ "అమ్మ పోసింది" అని వేపమండలు పెట్టి ఇంట్లోనే ఉంచేవాళ్లున్నారు. చుట్టూ 100 మందిలో 95 మందికి టీకా పడితే గానీ అది ఆగదు. ఇలా ఇంట్లోనే దాగిన కేసులు లెక్కలోకి రావు.

మావైపు వార్డు సచివాలయం ఏఎన్‌ఎం (టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) ఒకావిడ ఈ వారం చీటీలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతోంది. ఆమె వాదించదు. ఐస్ డబ్బాలోంచి సీసా తీసి, దాని మీది గుండ్రం లోపల చిన్న చదరం చూపిస్తుంది: "ఇది తెల్లగా ఉంటే వేడి తగల్లేదని, చుట్టూ ఉన్న గుండ్రమంత నల్లబడితే పారేస్తాం." మా కింద ఫ్లోరు ఆవిడ ఆ సీసాని రెండు సార్లు తిప్పి చూసి, "మా ఆయన్ని అడిగి చెప్తానమ్మా" అంది. సోమవారం మళ్లీ వస్తానని చెప్పి ఏఎన్‌ఎం పై అంతస్తు ఎక్కింది.