ఫోల్డర్లలోంచి ర్యాండమ్‌గా ఫైళ్లు తీసే స్క్రిప్టులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ముందు ఒక ఫోల్డర్‌ని ర్యాండమ్‌గా ఎంచుకుని, అందులోంచి ఒక ఫైల్ తీస్తే చాలు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఒక ఫోల్డర్‌లో 10 ఫైళ్లు, ఇంకోదాంట్లో 10,000 ఉన్నాయనుకోండి. చిన్న ఫోల్డర్‌లోని ఒక్కో ఫైల్‌కి 20లో 1 వంతు అవకాశం, పెద్దదాంట్లోని ఫైల్‌కి 20,000లో 1 వంతు. 1,000 రెట్లు తేడా! పైగా ఎర్రర్ ఏదీ రాదు కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు. అన్ని ఫోల్డర్ల ఫైళ్లనీ ఒకే లిస్టుగా చేసి, ఆ లిస్టులోంచే తీయాలి. లినక్స్‌లో ఫైళ్లని వెతికి లిస్టు ఇచ్చే ఫైండ్ కమాండ్ ఔట్‌పుట్‌ని, లిస్టుని కలగలిపే షఫ్ కమాండ్‌కి పైప్ చేస్తే (నేరుగా అందిస్తే) పని అయిపోతుంది. ఫైండ్‌కి టైప్ ఎఫ్ (ఫైళ్లు మాత్రమే) ఆప్షన్ ఇవ్వడం మరవకండి, లేకపోతే ఫోల్డర్ల పేర్లు కూడా డ్రాలోకి వచ్చేస్తాయి. ప్రతి ఫోల్డర్ నుంచీ తప్పకుండా కొన్ని కావాలంటే ఒక్కోదానికీ విడిగా షఫ్ నడపొచ్చు. అప్పుడు మొత్తానికి సగటు కట్టేటప్పుడు ఫోల్డర్‌లోని ఫైళ్ల సంఖ్యని బట్టి వెయిట్ ఇవ్వాల్సిందే.

అపోహ: లినక్స్ కమాండ్లు నడిపే బ్యాష్ షెల్‌లోని ర్యాండమ్ వేరియబుల్ ఎంత పెద్ద లిస్టుకైనా సరిపోతుంది.

వాస్తవం: అది ఇచ్చేది 0 నుంచి 32,767 వరకే. దాన్నే నేరుగా వరుస నంబరుగా వాడితే, 50,000 ఫైళ్ల లిస్టులో చివరి 17,232 ఫైళ్లకి ఎప్పటికీ వంతు రాదు. లిస్టు చిన్నదైనా ఇబ్బందే. 20,000 ఫైళ్లుండి మాడ్యులో (20,000తో భాగిస్తే మిగిలే శేషం) తీస్తే మొదటి 12,768 ఫైళ్లకి మిగతావాటికంటే రెట్టింపు అవకాశం. షఫ్ ఉండగా దీని జోలికి పోవద్దు.

అపోహ: సీడ్ (ర్యాండమ్ నంబర్లు మొదలయ్యే విలువ) 42 పెట్టాం, ఏ మెషీన్‌లో నడిపినా అవే ఫైళ్లు వస్తాయి.

వాస్తవం: సీడ్ వల్ల అవే వరుస నంబర్లు వస్తాయి. ఆ నంబర్ల దగ్గర ఏ ఫైల్ ఉందన్నది లిస్టుని బట్టి ఉంటుంది. పైథాన్‌లో ఫోల్డర్‌లో ఏమున్నాయో చెప్పే లిస్ట్‌డిర్ అయినా గ్లాబ్ అయినా పేర్లని ఫలానా వరుసలో ఇస్తాయన్న హామీ లేదు. కాబట్టి ముందు సార్టెడ్‌తో వరుసలో పెట్టి, ఆ తర్వాతే శాంపిల్‌తో తీయాలి. షెల్‌లో సార్ట్ చేస్తుంటే ఎల్‌సీ ఆల్ అనే సెట్టింగ్ విలువ సీ అని పెట్టండి, లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) మారితే వరుసా మారుతుంది. ఇంతా చేసి, రేపు ఒక్క కొత్త ఫైల్ చేరినా ఎంపిక మారిపోవచ్చు. అందుకే వచ్చిన పాత్‌లని ఒక టెక్స్ట్ ఫైల్‌లో దాచుకోవడమే భద్రం.

అపోహ: పైథాన్‌లో ర్యాండమ్‌గా తీసే చాయిసెస్, శాంపిల్ ఫంక్షన్లు రెండూ ఒకటే.

వాస్తవం: చాయిసెస్‌లో ఒకే ఫైల్ రెండుసార్లు రావచ్చు. శాంపిల్‌లో రాదు.

అపోహ: ఎంపిక సరిగ్గా జరిగితే కాపీలో పోయేదేమీ లేదు.

వాస్తవం: రెండు ఫోల్డర్లలో ఒకే పేరున్న ఫైళ్లుంటే, విడివిడిగా కాపీ చేస్తున్నప్పుడు రెండోది మొదటిదాన్ని చడీచప్పుడు లేకుండా చెరిపేస్తుంది. లినక్స్‌లో కాపీ చేసే జీఎన్‌యూ సీపీ కమాండ్‌కి పేరెంట్స్ ఆప్షన్ ఇస్తే ఫోల్డర్ల అమరికతో సహా కాపీ అవుతుంది. పేర్లలో స్పేస్ ఉంటే, పేర్లని వేరే కమాండ్‌కి అందించే ఎక్స్‌ఆర్గ్స్ ఒక పేరుని రెండు ముక్కలు చేస్తుంది. ఫైండ్‌కి ప్రింట్ జీరో, షఫ్‌కి జెడ్, ఎక్స్‌ఆర్గ్స్‌కి జీరో, ఈ మూడు ఆప్షన్లూ కలిపే ఇవ్వాలి. ఒక్కటి తప్పినా గొలుసు తెగుతుంది. 500 అడిగితే గమ్యంలో 500 ఉన్నాయో లేదో లెక్కపెట్టే లైను కూడా స్క్రిప్టులోనే రాసేయండి.