‘రాగల మూడు రోజులు’ వెనుక నూట అరవై ఏళ్లు

కార్తీక మాసం సగానికి వచ్చేసరికి కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా వరి కోతకొస్తుంది. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో ఎక్కడో ఒక అల్పపీడనం పుడుతుంది. సాయంత్రం వార్తల్లో వచ్చే ఆ నాలుగు ముక్కలు మా తీరంలో అందరికీ నోటికొచ్చు: ‘ఆగ్నేయ బంగాళాఖాతంలో ఏర్పడిన అల్పపీడనం రాగల 48 గంటల్లో వాయుగుండంగా బలపడే అవకాశం ఉంది. దక్షిణ కోస్తాలో కొన్ని చోట్ల మోస్తరు వర్షాలు, ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు కురుస్తాయి. మత్స్యకారులు వేటకు వెళ్లరాదు.’ అది వినగానే ఒకరు ఆకాశం వంక చూస్తారు, ఇంకొకరు కోత మిషన్ ఓనరుకు ఫోన్ చేస్తారు. ఇంత చిన్న ప్రకటనకు ఇంత టెన్షన్ ఎందుకో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. ఇందులో చాలా మాటలు మనుషుల ప్రాణాలు పోయాక వచ్చి చేరినవి.

ముందు, నవంబరే ఎందుకన్నది చూద్దాం. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగాక గాలి ఈశాన్యం నుంచి మళ్లుతుంది. ఎండాకాలంలో కాగిన సముద్రం అప్పటికీ పూర్తిగా చల్లారదు. జులై, ఆగస్టుల్లో కూడా నీరు వెచ్చగానే ఉంటుంది కానీ, పైన ఒక దిక్కుకు, కింద ఒక దిక్కుకు బలంగా వీచే గాలులు సుడిని నిలవనివ్వవు. అక్టోబరు, నవంబరులో ఆ అడ్డు తగ్గుతుంది. అండమాన్ దగ్గర మొదలైన సుడికి మన తీరం చేరేలోపు బలం పుంజుకోవడానికి కావలసినంత దూరం, కావలసినంత వేడినీరు దొరుకుతాయి. మే నెల తర్వాత పెద్ద తుపానులకు అసలు కాలం ఇదే.

అలాగని ఈ వాన కావాలని కోరుకునేవాళ్లే లేరనుకోకండి. నెల్లూరు జిల్లాకు ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ మూడు నెలల్లోనే పడాలి. అక్కడి చెరువులు నిండేది అల్పపీడనాల దయతోనే. తెలంగాణలో ఈ రోజుల్లో వాన తక్కువ, ఆదిలాబాద్ వైపు చలి మొదలవుతుంది. బంగాళాఖాతం మబ్బు అటు పాకిన రాత్రులు చలి కాస్త తగ్గుతుంది, పత్తి తీతలకు మాత్రం ఇబ్బంది. ఒకే ప్రకటన ఒక జిల్లాకు శుభవార్త, పక్క జిల్లాకు గుండెదడ.

ఇక చరిత్ర. కాకినాడ పక్కన కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే పెద్ద రేవు. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి సముద్రం దాని మీద విరుచుకుపడింది. ఇప్పుడక్కడికి వెళ్తే మడ అడవులు చూసి వస్తాం. కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి మీద పడినలాంటి గాలివానల లెక్కలు తీసి, పాము చుట్టలా తిరిగే గాలి అన్న అర్థంలో ‘సైక్లోన్’ అనే మాటను 1848లో వాడుకలోకి తెచ్చాడు. ప్రపంచమంతా పలికే ఆ మాటకు మన తీరపు కష్టంతో చుట్టరికం ఉంది.

1864 అక్టోబరు 5న కలకత్తాను తుపాను ముంచింది. నెల తిరక్కుండానే, నవంబరు 1న, బందరు మీద ఉప్పెన పడింది. సుమారు 30 వేల మంది చనిపోయారని అంచనా. సముద్రంలో ఏం జరుగుతోందో బందరుకు ముందుగా చెప్పే ఏర్పాటే అప్పుడు లేదు. ఆ మరుసటి ఏడాది కలకత్తా రేవులో ఓడలకు తుపాను హెచ్చరికలు ఇవ్వడం మొదలైంది. ఆ తుపానులకు తోడు తర్వాతి కరువులు కూడా కళ్లు తెరిపించాక, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. రేవుల్లో ఈరోజుకీ ఎగరేసే ‘మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ లాంటివి ఆనాటి ఓడల కోసం పుట్టిన పద్ధతికి వారసత్వమే. ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లుంటాయి. పది మహా ప్రమాదానికి గుర్తు. పదకొండంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఆ పదకొండో నంబరు గురించి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఓడకు జెండా కనిపిస్తుంది. మరి గుడిసెకో?

ఆ ప్రశ్నకు 1977 నవంబరు 19న దివిసీమ జవాబు చెప్పాల్సి వచ్చింది. నవంబరు 14న అండమాన్‌కు ఆగ్నేయంగా మొదలైన వాయుగుండం ముందు పడమరగా సాగి, తర్వాత ఉత్తరానికి తిరిగి, చీరాల, నిజాంపట్నం వైపు తీరం దాటింది. అయితే ఎక్కువ చావులు తుపాను కంటికి, అంటే సుడి నడిమధ్యకు, తూర్పున ఉన్న దివిసీమలో. దీనికి కారణం ఉంది. మన తుపానులో గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందుకని అది నడిచే దారికి కుడి పక్కన గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఎడమ పక్కన నేల నుంచి వెనక్కి నెడుతుంది. కృష్ణ సముద్రంలో కలిసే ఆ చోట లోతు తక్కువ, నేల పల్లం. ఐదు మీటర్ల ఎత్తున నీళ్లు మీద పడ్డాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్క పదివేలు, అంతకంటే చాలా ఎక్కువని అక్కడివాళ్లు అంటారు.

తుపాను వస్తోందన్న సంగతి అప్పటికి రేడియోలో చెప్పారు. విశాఖపట్నంలో తుపాను హెచ్చరిక కేంద్రం 1974 నుంచే ఉంది. అయినా రేడియో ఉన్న ఇళ్లెన్ని? విన్నవాళ్లకు అర్థమైంది గాలివాన అని. ఇంటి కప్పు లేస్తుందనుకున్నారు కానీ సముద్రమే ఇంట్లోకి వస్తుందని ఎవరు ఊహిస్తారు? ఊహించినా పరుగెత్తడానికి గట్టి మేడ ఎక్కడుంది? తాడిచెట్టును కరుచుకున్నవాళ్లు, గట్టు ఎక్కినవాళ్లు మిగిలారు. ఇప్పటికీ దివిసీమలో పెద్దవాళ్లు వయసు చెప్పేటప్పుడు ‘ఉప్పెనకి నాకు పదేళ్లు’ అంటారు. ఒక్క ‘ఉప్పెన’ అంటే చాలు, ఏ ఏడాది అని ఎవరూ అడగరు.

తర్వాతి పదేళ్లలో ఇంగ్లీషు మాటలు రెండు మా పల్లెల్లోకి వచ్చాయి: శాటిలైట్, షెల్టర్. తీరం వెంబడి స్తంభాల మీద తుపాను షెల్టర్లు కట్టారు. ఇన్సాట్-1బీ 1983లో పైకెళ్లాక మేఘాల బొమ్మలు ఎప్పటికప్పుడు అందడం, ఉపగ్రహం ద్వారా తీరంలోని ఆఫీసులకు నేరుగా హెచ్చరికలు పంపడం మొదలయ్యాయి. 1990 మే 9న బందరు దగ్గర తీరం దాటిన తుపాను 1977 నాటిదానికి తీసిపోయేది కాదు. ఈసారి లక్షన్నరకు పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవారు వెయ్యి లోపు. వెయ్యి చిన్న సంఖ్య అని నేననను, కానీ పదమూడేళ్లలో ఎంత దూరం వచ్చామో ఆ తేడాలో కనిపిస్తుంది.

ఆరేళ్లకు కోనసీమ ఇంకో పాఠం చెప్పింది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను పరిమాణంలో చిన్నది, గాలి మాత్రం భయంకరం. కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా కూలిపోయాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు, వాళ్లలో సముద్రం మీదున్న మత్స్యకారులు చాలా మంది. వేటలో ఉన్నవాడికి కబురు చేరే దారి అప్పుడు లేదు. ఇప్పటి ప్రకటనల్లో ‘వేటకు వెళ్లరాదు’ అని ఆపకుండా, ‘వెళ్లినవారు వెంటనే తిరిగి రావాలి’ అని కూడా చెబుతుంటే నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. 1999 నుంచి హెచ్చరికల్ని నాలుగు దశలు చేశారు. 72 గంటల ముందు ఒక సూచన, 48 గంటల ముందు ఒక అలర్టు, 24 గంటల ముందు హెచ్చరిక, చివరి 12 గంటల్లో తీరం దాటాక లోపలి జిల్లాల్లో ఏమవుతుందన్న అంచనా. ఉత్తర హిందూ మహాసముద్రపు తుపానులకు పేర్లు పెట్టడం 2004లో మొదలైంది.

ఇంత ఏర్పాటు చేసినా లెక్క తప్పే రోజులుంటాయి. 2013 నవంబరులో ‘లెహర్’ అతి తీవ్ర తుపానుగా బందరు వైపు వచ్చింది. పొడిగాలి తగిలి దారిలోనే నీరసించి, 28న వాయుగుండంగా తీరం దాటింది. అలాంటప్పుడు ‘అనవసరంగా భయపెట్టారు’ అనే మాట ఊళ్లలో వినిపిస్తుంది. ఆ మాట నాకు నచ్చదు. షెల్టర్లో ఒక రాత్రి వృథా అయితే అయింది, దివిసీమలో అలాంటి ఒక్క రాత్రి దొరకలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి వేరే. మన భాషంతా గాలి మీద కట్టుకున్నది. గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 62 దాటితే తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. పేరు పెట్టాలన్నా గాలే దారి. వాన సంగతి? 2021 నవంబరు 19, దివిసీమ ఉప్పెన తేదీయే, కార్తీక పౌర్ణమి. ఆ తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది ఉత్త వాయుగుండం. దానికి పేరు కూడా లేదు. అప్పటికే దాని వానలకు తిరుపతి, కడప కొండలు పొంగాయి. ముందు పింఛ ప్రాజెక్టు, ఆ వరద మీద పడి చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగాయి. పులపత్తూరు, మందపల్లి ఊళ్ల మీదికి నీళ్లు వచ్చి పదుల సంఖ్యలో మనుషులు కొట్టుకుపోయారు. సముద్రానికి అంత దూరంలో ఉన్నవాళ్లకు వాయుగుండం అంటే నాలుగు చినుకులని అనిపించడంలో వింతేముంది?

అందుకే ఈ రోజుల్లో ప్రకటన వింటే గాలి అంకె దగ్గర ఆగిపోకండి. ‘భారీ’ అంటే ఒక్క రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటిన వాన, ‘అతి భారీ’ అంటే 115.6కు పైన, 204.4 దాటితే ‘అత్యంత భారీ’. ‘ఒకటి రెండు చోట్ల’ అన్నది మన ఊరు కాదులే అనుకోవడానికి చెప్పిన మాట కాదు. ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు వరకు పడొచ్చని దానర్థం. ఎగువన చెరువుందా, వాగుందా, దాని కట్ట ఎలా ఉందో ఎండగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

ఇక రైతు. 2023 డిసెంబరు 5న ‘మిచౌంగ్’ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పొలాల్లో కోయని వరి పడిపోయింది, కోసిన పనలు నీళ్లలో తేలాయి. బీపీటీ లాంటి దీర్ఘకాలిక వరి రకాలకు ఈ భయం ఏటా ఉంటుంది. మూడు రోజుల ముందు కబురు తెలిస్తే పనలు కుప్ప వేసుకోవచ్చు, ధాన్యం మీద పట్టా కప్పొచ్చు. తడిసిన చేనుకు లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే కంకి మీద మొలక ఆగుతుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. మిషన్ దొరకని రైతుకు, తేమ ఎక్కువుందని ధాన్యం వెనక్కి వచ్చిన కౌలురైతుకు ఆ మూడు రోజులు ఏ మూలకు? కబురు ఇప్పుడు ప్రతి ఫోనుకూ తెలుగులోనే వస్తోంది. పట్టాలు, కోత మిషన్లు కూడా అదే వేగంతో ఊరు చేరాలి.