పుట్టిల్లు నత్త, అత్తిల్లు ఎద్దు

పర్లాకిమిడి పక్క ఊరి రైతు ఒకాయన అడిగారు: "మా ఎద్దు మెలకువలోనే గురక పెడుతోంది. గెడ్డలో ఎవరో ఏదో కలిపారంటున్నారు. మాకూ అంటుకుంటుందా?"

ఎవరూ ఏమీ కలపలేదు. గొంతువాపులోనూ గురక వస్తుంది, అది రోజుల్లో ప్రాణం తీస్తుంది కాబట్టి ముందు పశువుల డాక్టరుకి చూపించండి. గురక నెలల తరబడి సాగుతూ, ముక్కు లోపల కాలీఫ్లవర్ లాంటి బుడిపెలుంటే అనుమానం షిస్టోసోమా నాసాలే మీద. 1933లో రావు అనే మన శాస్త్రవేత్త పేరు పెట్టిన పురుగు ఇది. ముక్కు రక్తనాళాల్లో ఉంటుంది. బూమరాంగ్ ఆకారంలో ఉండే దాని గుడ్ల చుట్టూ కండ పెరిగి గాలికి అడ్డుపడుతుంది.

ఇంటర్లో ప్లాటీహెల్మింథిస్ (ఈ పురుగు చేరే చదునుపురుగుల వర్గం) అంటే కొక్కేలూ సక్కర్లూ బట్టీ పట్టించి వదిలేస్తారు. అసలు మజా దీని రెండిళ్ల కాపురంలో ఉంది. నత్త పుట్టిల్లు, పశువు అత్తిల్లు. నత్తలో దూరిన ఒక్క పిల్లపురుగు జత లేకుండానే వేలుగా పెరిగి, చీలిన తోకలతో నీళ్లలోకి వస్తుంది. పెళ్లి మాత్రం పశువు రక్తంలోనే. మగది ఒళ్లు మడిచి కాలువలా చేస్తే ఆడది అందులో పడుకుంటుంది.

ఇచ్ఛాపురం పిల్లని బరంపురం ఇస్తాం, అక్కడి పిల్లని ఇక్కడికి తెచ్చుకుంటాం. అత్తిల్లు ఏ రాష్ట్రంలో పడేదీ చెప్పలేం. దీనికీ అంతే: ఆవు, గేదె, మేక, గొర్రె, ఏదైనా సరే. పుట్టిల్లు మాత్రం ముఖ్యంగా ఇండోప్లానార్బిస్ ఎక్సస్టస్ అనే చుట్టల నత్త. దీని తోబుట్టువులైన, పేగుల నాళాల్లో ఉండే షిస్టోసోమా స్పిండేల్‌దీ, ఇండికమ్‌దీ అదే పుట్టిల్లు.

డీఎన్ఏ చూస్తే ఈ అక్కచెల్లెళ్లకి చైనా వైపు జపానికమ్ కంటే ఆఫ్రికా షిస్టోసోమాలే దగ్గరి చుట్టాలు. అక్కడ మనిషి మూత్రాశయం దగ్గర చేరే హెమటోబియమ్‌ని పెంచేది బులైనస్ నత్త. అది మన చుట్టల నత్తకి బంధువే. జపానికమ్‌ని పెంచే ఆంకోమెలానియా వేరే వంశం, గుల్లకి మూత ఉన్న రకం. మనిషి, ఎద్దు అంటూ అత్తిళ్లు పట్టుకుని వెళితే ఈ చుట్టరికం ఎప్పటికీ దొరకదు. అలాగని పుట్టిల్లు మారనే మారదనీ కాదు. ఆఫ్రికా మాన్సోనై బయోంఫలేరియాలో, మన పందుల ఇన్‌కాగ్నిటమ్ లిమ్నియా నత్తలో పెరుగుతాయి. అంటే చరిత్రలో ఒకటికి రెండుసార్లు నత్త మారింది. నాకు బాగా నచ్చేది ఈ పేచీయే.

ఇక మీ ప్రశ్న. మీకు గురక రాదు, దురద రావచ్చు. నాట్లకి దిగినవాళ్ల కాళ్లలోకి స్పిండేల్ పిల్లలు దూరి, తప్పు గడప తొక్కామని తెలిసేలోపు చర్మంలోనే చస్తాయి. మనం దిష్టి తీయించుకునే దద్దుర్లలో కొన్ని ఇవే.

ఎద్దుని మాత్రం నయమయ్యేదాకా గెడ్డకి తోలకండి. నీళ్లు తాగుతూ తుమ్మితే చీమిడితో పాటు గుడ్లు సరాసరి నత్తల దగ్గరికే చేరతాయి. బోరు నీళ్లు తొట్టిలో పోయండి.