ఎక్స్‌రే బాగున్నా అవ్వకు నొప్పెందుకు?

పెరంబూరు, చెన్నై.

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ధనుర్మాసంలో తడి వాకిట ముగ్గు వేస్తూ జారిపడిన ఎదురింటి అవ్వను మీరందరూ చూశారు. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు. అయినా మంచం మీద పక్కకు తిరగబోయినప్పుడల్లా ఆమె గజ్జ దగ్గర చెయ్యి అదిమిపెట్టుకుని ఊపిరి బిగబట్టేది. కొన్నాళ్లకు సీటీ స్కాన్ తీస్తే రెండుచోట్ల విరుగుళ్లు బయటపడ్డాయి. అదెలా సాధ్యమని మీరు అడిగారు కనుక రాస్తున్నాను.

నడుము కింద ముందువైపు జఘనాస్థి, వెనుక వెన్నెముక చివర త్రికాస్థి, ఇరుపక్కలా తుంటి ఎముకలు కలిసి ఒక వలయంగా అమరి ఉంటాయి. మనం నిలబడినప్పుడు పై శరీరపు బరువంతా త్రికాస్థి నుంచి ఈ వలయం మీదుగానే కాళ్లకు దిగుతుంది. చేతి గాజు ఒక్కచోటే విరగడం ఎంత అరుదో ఇదీ అంతే: ముందువైపు ఎముక విరిగిన పెద్దవాళ్లలో చాలామందికి వెనుక త్రికాస్థిలోనూ పగులు ఉంటుంది. పేగులూ వాటిలోని గాలీ అడ్డం వస్తాయి, ఎముక కూడా అప్పటికే పలచబడి ఉంటుంది కాబట్టి మామూలు ఎక్స్‌రేలో ఆ పగులు తరచు దొరకదు. సీటీ స్కాన్‌లోగాని, ఎమ్మారైలోగాని తెలుస్తుంది. అందుచేత గజ్జలోనో నడుము కిందనో నొప్పితో అడుగు వేయలేకపోతున్న పెద్దవాళ్ల మాట నమ్మి, స్కాన్ అవసరమేమోనని డాక్టరును అడగవలసింది ఇంట్లోవాళ్లే. కొందరికి పడకుండానే ఈ పగులు వస్తుంది.

నిలుచున్న ఎత్తు నుంచి పడినంత మాత్రాన విరిగిందంటే ఎముక గుల్లబారిందనే అనుమానించాలి. బహిష్టులు ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గడం వల్ల ఆడవాళ్లకు ఇది ఎక్కువ. ఏళ్ల తరబడి స్టీరాయిడ్ మాత్రలు వాడినవారికీ, పొత్తికడుపుకు రేడియేషన్ చికిత్స జరిగినవారికీ ముప్పు ఉంది.

"కదిలితే ఎముక అతకదు" అని అవ్వను నెలల తరబడి పడుకోబెట్టే ఇళ్లను చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. మంచం పట్టిన పెద్దవాళ్లకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకడుతుంది, వీపున పుండ్లు పడతాయి, తొడల కండ కరిగిపోతుంది. వలయం బాగా కదిలిపోయినవారికీ, మందులిచ్చినా నిలబడలేనివారికీ ఆపరేషన్ చేసి స్క్రూలు బిగించవలసి వస్తుంది గాని, చాలామందికి నొప్పి తగ్గే మందులిచ్చి, డాక్టరు అనుమతితో వీలైనంత త్వరగా వాకర్ పట్టించి నడిపించడమే చికిత్స. సాధారణంగా 6 నుంచి 12 వారాల్లో ఎముక అతుకుతుంది. ముందు వాకర్ జరపాలి, తరువాత నొప్పి ఉన్న కాలు, ఆ తరువాత రెండో కాలు. మీరు ఆమె చెయ్యి పట్టి లాగకుండా, పక్కనే అర అడుగు వెనుకగా నడవండి.

నొప్పి తగ్గగానే చాలా కుటుంబాలు ఆసుపత్రిని మరిచిపోతాయి. కాని ఒకసారి ఇలా విరిగినవారికి మళ్లీ ఎక్కడో విరిగే ప్రమాదం ఎక్కువ కనుక ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ గురించీ, ఎముకను గట్టిపరిచే మందు గురించీ అడిగి తీరాలి. వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర రాసిస్తే, దానిని పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, కనీసం అరగంట పడుకోకుండా కూర్చునో నిలబడో ఉండాలి, లేకపోతే అన్నవాహిక ఒరిసిపోతుంది. మన ఇళ్లలో లేవగానే కాఫీ చేతికివ్వడం అలవాటు కదా, ఆ ఒక్క ఉదయం మాత్రం ఆ అరగంట దాటేవరకు అవ్వకు కాఫీ ఇవ్వకండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ