సీసాలో లేని వేడి

చిరంజీవులారా,

"తాతయ్యా, సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసా చల్లగానే ఉంది, నీళ్లూ చల్లగానే ఉన్నాయి, రెండూ కలిపేసరికి బీకరు ముట్టుకోలేనంతగా కాలింది, మరి ఆ వేడి అంతసేపూ ఎక్కడుంది?" అని మీలో ఒకరు మొన్న అడిగిన ప్రశ్న నన్ను విడిచిపెట్టడం లేదు. ఆ వేడి సీసాలోనూ లేదు, నీళ్లలోనూ లేదు. అది ఆ రెండూ కలిసినప్పుడు పుట్టింది.

ఆమ్లపు కణాలను అల్లరి పిల్లలనీ, నీటి కణాలను వాళ్ల ప్రాణస్నేహితులనీ అనుకోండి. విడిగా ఉన్నంతసేపు అందరూ బుద్ధిగా ఉంటారు, కలుసుకోగానే కావలించుకుని కేరింతలు కొడతారు, ఆ సందడే మన చేతికి వేడిగా తగులుతుంది. మైదానం నిండా స్నేహితులున్న చోటికి అల్లరి పిల్లలను ఒక్కొక్కరిగా పంపితే సందడి మైదానమంతా పరచుకుంటుంది. అల్లరి పిల్లలతో కిక్కిరిసిన గదిలోకి ఒక్క స్నేహితుణ్ణి తోస్తే మాత్రం అందరూ ఒక్కసారిగా మీద పడతారు. వాడు కిటికీలోంచి ఎగిరి పడుతూ ఇద్దరు ముగ్గురిని వెంట లాక్కుపోతాడు. గాఢ ఆమ్లంలో నీళ్లు పోస్తే జరిగేది అదే. ఆమ్లం నీటికంటే 1.84 రెట్లు బరువైనది కాబట్టి పోసిన నీరు పైనే తేలి, పుట్టిన వేడికి అక్కడికక్కడే మరిగి, ఆమ్లపు తుంపరలతో సహా పైకి చిమ్ముతుంది. అందుకే నీటిలో ఆమ్లాన్ని కొద్దికొద్దిగా, కలుపుతూ పోయాలి.

నా చిన్నతనంలో మా తరగతి కుర్రవాడొకడు తొందరలో ఈ వరుస తప్పాడు. చుయ్యిమన్న చప్పుడు వినేలోగానే ఒక తుంపర నా చొక్కా చేతిమీద పడింది. మాస్టారు ఒక్క మాటా అనకుండా నా చెయ్యి కుళాయి కింద చాలాసేపు పట్టుకున్నారు, ఆ తరువాతే వాడిని మందలించారు. చేతికేమీ కాలేదు గాని, చొక్కాకు అంచులు నల్లబడిన చిల్లు మిగిలింది. తెలిసిన పనికైనా తొందర పనికిరాదని నాకు ఆ చిల్లే నేర్పింది.

ఈ సందడిని కొలిచినవాడు ఒకాయన ఉన్నాడు. 1840లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జెర్మేన్ హెస్ అనే రసాయన శాస్త్రవేత్త, సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ముందు నీటితో పలుచన చేసి ఆపైన అమ్మోనియా ద్రావణంతో కలిపినా, పలుచన చేయకుండా నేరుగా కలిపినా, పుట్టిన మొత్తం వేడి ఒక్కటేనని కనిపెట్టాడు. స్నేహితులను కొందరు ముందే కలుసుకుని ఉంటే ఆ మేరకు సందడి ముందే అయిపోతుంది, తరువాత మిగిలినదే వినిపిస్తుంది. రెండూ కూడితే లెక్క మారదు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అయితే ఆమ్లం ఎప్పుడూ వేడినే పుట్టిస్తుందని అనుకోకండి. సల్ఫ్యూరిక్ ఆమ్లం జోలికి మీరు పోవద్దు. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, కరిగించి, కాసేపు ఆగి, థర్మామీటరు ఉంచి, వంట సోడాను కొద్దికొద్దిగా వేయండి. నురుగు పొంగి పొర్లుతుంది, కాబట్టి గ్లాసును పళ్లెంలో పెట్టుకోండి. అంత హడావుడి జరుగుతున్నా పాదరసం పైకి పోదు, కిందికి దిగుతుంది. నా మైదానం పోలిక అక్కడ నడవదు. గ్లాసు చుట్టూ చెయ్యి వేసి చూసి, ఎన్ని డిగ్రీలు దిగిందో నాకు రాయండి.

ఆశీస్సులతో,
తాతయ్య