బ్రెయిన్ మ్యాపింగ్ మనసును చదివేస్తుందా? అపోహలు - వాస్తవాలు

ఫిట్స్ సమస్యతో వచ్చిన ఒకావిడకు మొన్న ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలను గీతలుగా చూపే పరీక్ష, తీస్తున్నాం. తలకు జెల్ రాసి తీగలు అంటిస్తుంటే కొంగు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. టెక్నీషియన్ అటు తిరగగానే మెల్లగా అడిగారు: "డాక్టరు గారూ, నా మనసులో ఉన్నవన్నీ ఇందులో వచ్చేస్తాయా? మా ఆయనకు చూపిస్తారా?"

అపోహ: తలకు తీగలు పెడితే ఆలోచనలు తెలిసిపోతాయి.

వాస్తవం: తెలియవు. ఆవిడకు స్క్రీన్ చూపించాను. రెప్ప కొడితే గీత ఎగిరింది, పళ్లు బిగిస్తే గీతలన్నీ చిందరవందరయ్యాయి. "ఇంతేనా అండీ?" అన్నారు. ఇంతే. ఫిట్స్ లక్షణాలున్నాయా, మెదడు మెలకువగా ఉందా లాంటివి చెప్పగలం. రహస్యాలు కాదు.

అపోహ: బ్రెయిన్ మ్యాపింగ్‌లో నేరస్తుడు దొరికిపోతాడు.

వాస్తవం: బ్రెయిన్ మ్యాపింగ్ అంటే, నేరానికి సంబంధించిన మాటలు వినిపించో బొమ్మలు చూపించో అనుమానితుడి మెదడు తరంగాలను ఇలాగే తీగలతో చూడటం. మనకు ముఖ్యమనిపించే మాటో బొమ్మో ఎదురైతే, సుమారు 300 మిల్లీసెకన్లకు మెదడులో ఒక అల లేస్తుంది. దాన్నే పీ300 అంటాం. అది ఎందుకు లేచిందో మాత్రం అల చెప్పదు. నేరం చేసినందుకా, చూసినందుకా, టీవీలో విన్నందుకా, పోలీసులు అదే మాట పదిసార్లు అడిగినందుకా? అయినా 2008లో పుణె సెషన్స్ కోర్టు ఒక హత్య కేసులో, మెదడు తరంగాలతో చేసిన పరీక్షను కూడా ఆధారంగా తీసుకుని ఒక యువతికి యావజ్జీవ శిక్ష వేసింది. తర్వాత హైకోర్టు బెయిల్ ఇచ్చింది. రోజూ ఇలాంటి గీతలు చూసేవాడిగా ఆ వార్త నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

అపోహ: నార్కో అంటే నిజం చెప్పించే ఇంజెక్షన్.

వాస్తవం: అది థయోపెంటాల్ లాంటి మత్తుమందు. మాట అదుపు తప్పుతుంది, అంతే. అడిగేవాళ్లు అందించిన మాటనే తిరిగి చెప్పేయవచ్చు.

అపోహ: తప్పు చేయనివాడు పరీక్షకు భయపడడు, ఒప్పుకుని తీరాలి.

వాస్తవం: ఈ మాట ఊళ్లో అందరూ అంటారు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ ఏదీ బలవంతంగా చేయకూడదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదనే రాజ్యాంగంలోని 20(3), వ్యక్తి స్వేచ్ఛను కాపాడే 21 అధికరణలే ఇందుకు రక్ష. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితం నేరుగా సాక్ష్యం కాదు, దాని ఆధారంగా తర్వాత దొరికిన వస్తువో సమాచారమో మాత్రం చెల్లవచ్చు. పరీక్షకు ఇచ్చే సమ్మతిని మేజిస్ట్రేటు ముందే నమోదు చేయాలి, పక్కన లాయరు ఉండాలి. స్టేషన్లో రాత్రంతా కూర్చోబెట్టి అనిపించుకున్న "సరే"ను డాక్టరుగా నేను సమ్మతి అనలేను.

మీ ఇంట్లో ఎవరినైనా ఇలాంటి పరీక్షకు రమ్మంటే, సంతకం పెట్టేముందు లాయరుతో మాట్లాడించండి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి.