పిండి రాలుతోందంటే పళ్ళు అరిగినట్టే

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. తెల్లారి చూస్తే ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మందస వైపున్న మా మావయ్య తోటలోకి అడుగు పెట్టడానికి దారి లేదు. చెట్లు కోసేవాళ్ళు ఎవరికీ ఖాళీ లేదు. నాలుగిళ్ళవాళ్ళం డబ్బులేసుకుని ఒక రంపం మిషన్ కొన్నాం. షాపులో మేం అడిగినవి రెండే: బార్, అంటే పళ్ళ చైన్ తిరిగే పట్టీ, ఎంత పొడవు, ఎన్ని సీసీ? 22 అంగుళాలు, 58 సీసీ అన్నారు. అక్కడున్నవాటిలో అదే పెద్దది కాబట్టి అదే తెచ్చుకున్నాం.

మొదటి రెండు మొద్దుల్ని అరటిబోదె నరికినట్టు కోసేసింది. మూడో దాని దగ్గర పొగ మొదలైంది. ఇద్దరం కలిసి నొక్కినా బార్ దిగలేదు. పక్క ఊళ్ళో సరుగుడు తోటలు కోసే పెద్దాయన ఒకరు అటుగా వెళ్తూ ఆగారు. "బలం పెట్టకు బాబూ. కింద ఏటి రాలతందో సూడు" అన్నారు. చూస్తే గోధుమపిండిలా మెత్తటి పొడి. "పిండి రాలతందంటే పళ్ళు అరిగిపోనాయి. ఆకురాయి ఉందేటి?"

మా దగ్గర ఆకురాయి లేదు. అలాంటిది ఒకటి ఉండాలని షాపువాళ్ళు చెప్పలేదు, మేమూ అడగలేదు. రంపం మిషన్ గురించి నేను నేర్చుకున్నదంతా ఆ పిండి దగ్గర మొదలైంది.

చైన్ మీది పన్ను చేసే పని వడ్రంగి చిత్రిక చేసే పనే. పన్ను అంచు చెక్కలోంచి పలచని పెచ్చు లేపుతుంది. పన్నుకు ముందు చిన్న దిమ్మ ఒకటి ఉంటుంది. అది పన్ను కన్నా సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందకి ఉంటుంది. పన్ను ఎంత లోతుకు దిగాలో నిర్ణయించేది ఆ దిమ్మే. పదునుంటే మిషన్ తనంతట తనే చెక్కలోకి దిగుతుంది, గింజల్లాంటి ముక్కలు రాలతాయి. పదును పోతే పన్ను కోయడం మాని రుద్దుతుంది. ఇంజను శక్తి వేడిగా మారుతుంది, బార్ నీలంగా మాడుతుంది. అప్పుడు 58 సీసీ ఉన్నా 80 సీసీ ఉన్నా ఒకటే.

ఈ రకం పన్ను రావడానికి కారణం ఒక పురుగు. 1946లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలప పనివాడు, మొద్దును తొలిచేస్తున్న ఒక పెంకుపురుగు లార్వాను గమనించాడు. దాని దవడలు ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి మార్చి మార్చి కొరుకుతున్నాయి. అంతకు ముందు చైన్లకు మామూలు రంపం పళ్ళే ఉండేవి, అవి చెక్కను గీరేవి. కాక్స్ ఒక పన్ను ఎడమకు, మరో పన్ను కుడికి వంగి ఉండేలా చైన్ తయారు చేశాడు. ఈనాటికీ మన మిషన్లలో తిరిగేది ఆ నమూనాయే.

మన కొబ్బరి ఈ పళ్ళకు గట్టి పరీక్ష. మామిడి, పనసల్లా దీనికి చేవ నడుమ ఉండదు. కాండం బయటి వైపు గట్టి, లోపల మెత్తన. నార వెంట సూక్ష్మమైన సిలికా గింజలుంటాయి. ఇసుకలో ఉండేదీ సిలికాయే. దానికి తోడు నేల మీద పడిన మొద్దుకు ఉద్దానం ఇసుక అంటుకుని ఉంటుంది. అందుకే చైన్ రకం చూసి కొనాలి. పన్ను మూల చతురస్రంలా నిక్కచ్చిగా ఉండే రకం శుభ్రమైన చెక్కను వేగంగా కోస్తుంది కానీ, ఇసుక తగిలితే ఆ మూల వెంటనే పోతుంది. మూల కాస్త గుండ్రంగా ఉండే రకం కొంచెం నెమ్మది, కానీ పదును ఎక్కువసేపు నిలుస్తుంది. మనకు రెండోదే మేలు. అలాంటి చైన్లు రెండు, సరిపోయే గుండ్రటి ఆకురాయి ఒకటి మిషన్‌తోపాటే తీసుకోవాలి. పిచ్ అంటే చైన్ లంకెల కొలత, అంగుళాల్లో చెప్తారు. పాయింట్ 325 పిచ్ చైన్‌కి 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి పడుతుంది.

పదును తర్వాత నేను డబ్బు పెట్టమనేది చైన్‌ను ఆపే బ్రేక్‌కి. దీని గురించి షాపుల్లో ఎవరూ మాట్లాడరు, అది నాకు నిజంగా బాధ.

లెక్క చూడండి. ఆ పాయింట్ 325 పిచ్ చైన్ 7 పళ్ళ స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ళ చక్రం) మీద తిరిగితే, ఒక్క చుట్టుకు సుమారు 11.5 సెంటీమీటర్లు ముందుకెళ్తుంది. ఇంజను నిమిషానికి 10,000 చుట్లు తిరిగితే చైన్ వేగం సెకనుకు 19 మీటర్లు, అంటే గంటకు దాదాపు 70 కిలోమీటర్లు. ఈ వేగంలో బార్ ముక్కు పైసగం ఏ కొమ్మకో తగిలిందనుకోండి. అక్కడ చైన్ వంపు తిరుగుతూ ఉంటుంది, పన్ను కోయగలిగినదానికన్నా లోతుగా దిగి ఇరుక్కుంటుంది. చైన్‌లో ఉన్న శక్తి అంతా బార్‌ని వెనక్కీ పైకీ తన్నుతుంది. బార్ వచ్చేది మన మెడ మీదకి. తుపానుకి పడిన చెట్లలో కొమ్మల మాటున ఏముందో కనిపించదు కాబట్టి ఈ ప్రమాదం మామూలుకన్నా ఎక్కువ.

ఆ బ్రేక్‌ను వేసేది ముందు చేతికి అడ్డంగా ఉండే గార్డు. అది ఇక్కడ రెండు రకాలుగా పని చేయాలి. మిషన్ పైకి లేచినప్పుడు చేయి తగిలి గార్డు ముందుకు పడటం ఒకటి. చేయి తగలకపోయినా దాని బరువుకే అది పడిపోవడం రెండోది. బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్ళు వెనక్కి తూలతారు కదా, అదే జడత్వం. గార్డు పడగానే లోపల ఒక ఉక్కు పట్టీ, చైన్‌ను తిప్పే క్లచ్ డ్రమ్‌ను బిగించేస్తుంది. మంచి మిషన్‌లో చైన్ 0.15 సెకను లోపు ఆగిపోతుంది. షాపులోనే స్టార్ట్ చేయించి, మణికట్టుతో గార్డును ముందుకు నెట్టి చూపించమనండి. చైన్ అక్కడికక్కడే ఆగాలి. ఆగనిది ఎంత చవకైనా వద్దు. చేతిలో ఇమిడే చిన్న బ్యాటరీ మిషన్లు చాలావాటికి ఈ బ్రేకే ఉండదు.

మూడోది వణుకు. 9,000 చుట్ల దగ్గర ఇంజను సెకనుకు 150 సార్లు అదురుతుంది. ఏళ్ళ తరబడి ఆ అదురు వేళ్ళలోకి పోతే రక్తనాళాలు, నరాలు దెబ్బతిని వేళ్ళు తెల్లబడతాయి, తిమ్మిరెక్కుతాయి. హ్యాండిల్‌కీ ఇంజనుకీ మధ్య స్ప్రింగులున్న మిషన్‌లో ఆ అదురు చాలావరకు అక్కడే ఆగిపోతుంది. రోజూ కోసేవాళ్ళు దీనికి ఎంత పెట్టినా ఎక్కువ కాదు. ఏడాదికి నాలుగు రోజులు కోసేవాళ్ళు రబ్బరు బుష్‌లతో సరిపెట్టుకోవచ్చు.

పొడుగు బార్ కోసం మాత్రం పైసా ఎక్కువ ఇవ్వొద్దు. కొబ్బరి మొద్దు అడ్డంగా సుమారు అడుగు ఉంటుంది. 16 లేదా 18 అంగుళాల బార్ చాలు. ఇంకా లావు మొద్దయితే రెండు వైపుల నుంచీ కోయొచ్చు. బార్ పొడుగయ్యేకొద్దీ ముందు బరువు పెరుగుతుంది, ఆయిల్ ఎక్కువ కావాలి, ముక్కు ఎక్కడ తగులుతోందో కనపడదు. సీసీ అంటే సిలిండర్‌లో ఖాళీ ఎంతో చెప్పే అంకె మాత్రమే. డబ్బా మీద శక్తిని చెప్పే కిలోవాట్లు, బరువు చూడండి. స్పానర్ లేకుండా చేత్తో చైన్ బిగించే ఏర్పాటు, లాగడానికి తేలికగా ఉండే స్టార్టర్ ఉంటే సుఖమే, లేకపోతే నష్టం లేదు. విడిభాగాలు శ్రీకాకుళంలోనో పలాసలోనో దొరుకుతాయా అన్నది వాటికన్నా ముఖ్యం.

బ్యాటరీ మిషన్లు బాగా మెరుగయ్యాయి. పొగ లేదు, చప్పుడు తక్కువ. మామిడి, జీడి కొమ్మలు కత్తిరించడానికి నేనైతే అదే తీసుకుంటాను. కానీ తిత్లీ తర్వాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను కోసమే కొనేవాళ్ళకు పెట్రోల్ మిషనే దిక్కు.

దాని పెట్రోల్‌లో టూ టీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ ఇంజన్ల ఆయిల్, కొలిచి కలపాలి: 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40. మీ మిషన్‌కు ఏదో దాని పుస్తకంలోనే ఉంటుంది. ఈ ఇంజనుకు వేరే ఆయిల్ ట్యాంకు ఉండదు, బేరింగులకు అందేది పెట్రోల్‌తో వచ్చే ఆ ఆయిలే. చైన్ ఆయిల్ సంగతి వేరు, అది జిగటగా ఉండి బార్‌కి అంటుకోవాలి. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ తేమను పీలుస్తుంది కాబట్టి, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి పెట్టాలి.

లుంగీ కట్టుకుని కోసేవాళ్ళను ఇప్పటికీ చూస్తున్నాను. బిగుతు ప్యాంటు, బూట్లు, కళ్ళద్దాలు, చెవులకు మఫ్స్, వీటి ఖర్చు కూడా మిషన్ ధరలో కలిపే లెక్కేసుకోండి.

ఆ రోజు పెద్దాయన తన సంచిలోంచి ఆకురాయి తీసి, మొద్దు మీద కూర్చుని, ఒక్కో పన్నుకు మూడేసి సార్లు ఒకే వైపుకి తోశారు. తర్వాత మిషన్ మాకివ్వకుండా ముందు కత్తి అడిగారు. కోయాల్సిన చోట జానెడు వెడల్పున బెరడు చెక్కి, ఇసుకంతా రాల్చాకే స్టార్టర్ లాగారు.